కట్టుడు పళ్ళు బీరువాలో కాదు, నోట్లో ఉండాలి

నాలుగైదు పళ్ళు పోయి, వాటి స్థానంలో సెట్టు కట్టించుకున్నవారు మన కుటుంబాల్లో చాలామందే ఉన్నారు. అయితే వారందరూ ఆ సెట్టును రోజూ వాడుతున్నారా అంటే, అవునని చెప్పలేం. కొందరి సెట్టు పెళ్ళిళ్ళకు, ఫోటోలకు మాత్రమే బయటికి వస్తుంది. కొందరిది బీరువాలో బట్టల మడతల కింద చిన్న డబ్బాలో ఉండిపోతుంది. "అలవాటు కాలేదండీ", "గుచ్చుకుంటోందండీ", "మాట తిరగడం లేదండీ" - దంత విభాగంలో మేము తరచుగా వినే మాటలివి. ఖర్చు పెట్టి, నాలుగైదుసార్లు బస్సెక్కి ఆసుపత్రికి తిరిగి చేయించుకున్న వస్తువు అలా మూలన పడి ఉంటే ఎవరికైనా బాధే.

ఈ వ్యాసంలో తీసి పెట్టుకునే పాక్షిక సెట్టు గురించి, అంటే నోట్లో కొన్ని సొంత పళ్ళు ఉండి, పోయిన పళ్ళ బదులు మాత్రమే కట్టే సెట్టు గురించి చెప్పుకుందాం. డాక్టర్లు దీన్ని పార్షియల్ డెంచర్ అంటారు. మొదట్లోనే ఒక మాట చెప్పాలి. ఈ సెట్టు తనంతట తాను నిలబడదు. మీ నోట్లో మిగిలిన పళ్ళను పట్టుకుని నిలబడుతుంది. కాబట్టి సెట్టును చూసుకోవడం అంటే ఆ మిగిలిన పళ్ళను కాపాడుకోవడమే. ఇది గుర్తుంటే మిగతా జాగ్రత్తలన్నీ ఎందుకో వాటంతటవే అర్థమవుతాయి.

పన్ను పోతే పోయింది, సెట్టు ఎందుకు?

పెద్దవారికి జ్ఞానదంతాలతో కలిపి 32 పళ్ళు. అందులో ఒక దవడ పన్ను పోతే ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ పళ్ళు వరుసలో ఒకదానినొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. మధ్యలో ఒకటి పోతే, పక్కనున్నవి మెల్లగా ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. పైన ఎదురుగా ఉన్న పన్నుకు కింద ఆనడానికి ఏమీ లేక, అది కిందికి దిగడం మొదలుపెడుతుంది. ఒరిగిన పళ్ళ సందుల్లో అన్నం మెతుకులు, మాంసం పీచు ఇరుక్కుని కొత్తగా పిప్పి పళ్ళు తయారవుతాయి. నమలడమంతా ఒక్క పక్కకే చేరి, ఆ పక్కనున్న పళ్ళు అరిగిపోతాయి. అలా ఒక పన్ను పోవడం మరో రెండు పళ్ళకు ముప్పు తెస్తుంది.

పాక్షిక సెట్టు ఆ ఖాళీని నింపి, పక్క పళ్ళను వాటి చోట ఉంచడానికి సాయపడుతుంది. సెట్టును నెలల తరబడి బీరువాలో ఉంచితే అది మళ్ళీ సరిపోకపోవడానికి కారణం కూడా ఇదే. సెట్టు మారలేదు, ఈలోగా పళ్ళు కదిలాయి.

మీది ఏ రకం?

మన దగ్గర ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు. మొదటిది గులాబీ రంగు ఎక్రిలిక్ ప్లేటుకు పళ్ళు అమర్చి, తీగ కొక్కేలతో పక్క పళ్ళకు పట్టించేది. ఖర్చు తక్కువ, విరిగితే అతికించడం తేలిక. కాకపోతే ప్లేటు కాస్త మందంగా ఉంటుంది. రెండవది కోబాల్ట్-క్రోమియం లోహపు చట్రంతో చేసేది. పలుచగా ఉన్నా గట్టిగా ఉంటుంది. నమిలే బరువులో కొంత సొంత పళ్ళ మీదికి పంచుతుంది కనుక చిగుళ్ళకు శ్రమ తక్కువ. మూడవది నైలాన్ జాతి పదార్థంతో చేసే మెత్తని సెట్టు. లోహపు తీగలు బయటికి కనిపించవు, కానీ విరిగినా వదులైనా బాగుచేయడం కష్టం.

మీ సెట్టు ఏ రకమో డాక్టరుగారిని అడిగి తెలుసుకోండి. శుభ్రం చేసే పద్ధతి రకాన్ని బట్టి కొంత మారుతుంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్న సామెత మనకుంది. పళ్ళు కట్టించుకోవడానికి మాత్రం ఎవరైతేనేం అనుకోకూడదు. సంతల్లో, బస్టాండ్ల దగ్గర కూర్చుని అరగంటలో పళ్ళు "ఫిక్స్" చేసేవారు కొందరుంటారు. వారు పక్క పళ్ళకు తీగ చుట్టి, దాని మీద ప్లాస్టిక్ ముద్ద గట్టిపరిచేస్తారు. అది తీయడానికి రాదు. దాని కింద బ్రష్ పోదు. కొన్నాళ్ళకు చిగురు కుళ్ళి చీము పట్టి, గట్టిగా ఉన్న పక్క పళ్ళు కూడా కదిలిపోతాయి. అలాంటివి ఇప్పటికే కట్టించుకుని ఉంటే సిగ్గుపడకుండా దంతవైద్యుని దగ్గరికి వెళ్ళి తీయించుకోండి.

మొదటి రోజు నుంచి మొదటి నెల వరకు

కొత్త చెప్పు వేసుకుంటేనే నాలుగు రోజులు కరుస్తుంది. నోరు కాలికంటే ఎంతో సున్నితమైనది. నాలుకకు చిన్న ఇసుక రేణువు తగిలినా తెలుస్తుంది. అలాంటి చోట ఒక ప్లేటు పెడితే అది కొండంత అనిపించడం సహజం.

మొదటి కొద్ది రోజులు నోట్లో ఉమ్మి ఎక్కువగా ఊరుతుంది. సెట్టును ఏదో తినే పదార్థమని నోరు అనుకుంటుంది, అందుకే ఈ ఊట. ఉమ్మివేయకుండా మింగుతూ ఉంటే కొన్నాళ్ళలో తగ్గిపోతుంది. పై సెట్టు వెనుకవరకు ఉన్నవారికి వాంతి వచ్చినట్టు అనిపించవచ్చు. అప్పుడు ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి వదలండి, కొంచెం కొంచెంగా చల్లని నీళ్ళు తాగండి. వారం దాటినా తగ్గకపోతే ప్లేటు వెనుక అంచు పొడవుగా ఉండవచ్చు, చూపించండి.

సెట్టు పెట్టుకోవడం, తీయడం మొదట అద్దం ముందు నిలబడి నేర్చుకోవాలి. తడిపిన సెట్టును దాని దారిలో పెట్టి, రెండు చేతుల వేళ్ళతో రెండు పక్కలా సమానంగా నొక్కాలి. కొందరు దాన్ని నోట్లో వదిలి, పళ్ళు కొరికి కూర్చోబెడతారు. అలా చేస్తే కొక్కేలు వంగుతాయి, ప్లేటు పగులుతుంది. తీసేటప్పుడు కూడా ఒక పక్క కొక్కేన్ని పట్టి లాగకూడదు. డాక్టరుగారు చూపించిన చోట గోరు ఆనించి, రెండు పక్కలా కొంచెం కొంచెంగా వదులు చేయాలి. నాలుకతో సెట్టును ఎగరేసి ఆడించే అలవాటు అస్సలు వద్దు. ఆ ఆటకు కొక్కెం పట్టు వదులవుతుంది, అది పట్టుకున్న పన్ను కూడా కదులుతుంది.

చిగురు మీద ఎక్కడైనా ఒరుసుకుని పుండు పడితే, అది అందరికీ జరిగేదే. దానికి మందు మా దగ్గర ఉంది, బ్లేడులోనూ ఆకురాయిలోనూ లేదు. ఇంట్లో గీకిన సెట్టును తిరిగి సరిచేయడం చాలాసార్లు సాధ్యం కాదు. నొప్పి బాగా ఉంటే సెట్టు తీసి, గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించండి. అయితే ఆసుపత్రికి వచ్చే రోజు మాత్రం, ఓర్చుకోగలిగితే, కొన్ని గంటల ముందు నుంచి సెట్టు పెట్టుకునే రండి. ఎర్రని గుర్తు కనిపిస్తేనే ప్లేటులో ఏ చోట తగ్గించాలో మాకు తెలుస్తుంది. నాలుగు రోజులు సెట్టు తీసేసి, పుండు మానాక వచ్చి "ఇక్కడెక్కడో నొప్పిగా ఉండేది" అంటే, ఆ చోటు కనుక్కోవడం కష్టం.

ఇలా రెండు మూడుసార్లు రావలసి రావచ్చు. సెట్టు చేతికివ్వడంతో మా పని అయిపోదు, మీ పనీ అయిపోదు. సర్దుబాట్లు కూడా వైద్యంలో భాగమే. చాలామందికి మాట ఒకటి రెండు వారాల్లో కుదురుతుంది. నమలడం పూర్తిగా అలవాటు కావడానికి నెల, నెలన్నర పట్టవచ్చు. ఆ నెలన్నర ఓపిక పట్టినవారు తర్వాత సెట్టు ఉందన్న సంగతే మరచిపోతారు.

మాట తిరగాలంటే

స, శ, త, ద, న లాంటి అక్షరాలు పలకడానికి నాలుక కొన ముందు పళ్ళ వెనుకకు, అంగిలికి దగ్గరగా వెళ్ళాలి. ఫ, వ లకు కింది పెదవి పై పళ్ళను తాకాలి. అక్కడే ప్లేటు ఉంటే కొంతకాలం ఈల వేసినట్టో, నత్తినత్తిగానో మాట వస్తుంది. దీనికి విరుగుడు మాట్లాడకుండా ఉండడం కాదు, ఎక్కువగా మాట్లాడడం.

రోజూ పది పదిహేను నిమిషాలు దినపత్రికనో, మీకు ఇష్టమైన పుస్తకాన్నో గట్టిగా చదవండి. ఒకటి నుంచి వంద వరకు అంకెలు నిదానంగా చెప్పండి. ఏ మాట దగ్గర తడబడుతున్నారో దాన్ని పదిసార్లు పలకండి. ఆదివారం వాక్యపఠనం చేసేవారు, క్వయర్‌లో పాడేవారు తమ వంతు రాకముందే ఇంట్లో సాధన చేసుకుంటే, అందరి ముందు కంగారు ఉండదు. మాట్లాడుతుండగా సెట్టు పైకి లేస్తుంటే, కాస్త ఆగి, నిదానంగా మింగి, మళ్ళీ మొదలుపెట్టండి. మూడు వారాలైనా అదే ఇబ్బంది ఉంటే అది అలవాటు సమస్య కాకపోవచ్చు, సెట్టులో సర్దుబాటు కావాలేమో చూడాలి.

భోజనం ఎలా?

మొదటి వారం మెత్తనివే తినండి. ఇడ్లీ, ఉప్మా, ముద్దపప్పు అన్నం, పెరుగన్నం, రాగి జావ, మెత్తగా ఉడికిన కూరలు, గుడ్డు, ముళ్ళు తీసిన చేప. రెండో వారం నుంచి సంగటి, దోసె, చపాతీ మెల్లగా మొదలుపెట్టవచ్చు. జొన్నరొట్టె తినే అలవాటున్నవారు దాన్ని పప్పులోనో పులుసులోనో నానబెట్టుకుని తినాలి. మాంసం బాగా ఉడికించి, చిన్న ముక్కలు చేసుకోవాలి.

ముద్ద చిన్నదిగా పెట్టుకోండి. వీలైనంతవరకు రెండు పక్కలా నమలండి. ఒక్క పక్కే నమిలితే సెట్టు రెండో పక్క లేస్తుంది. సెట్టులో ముందు పళ్ళు ఉంటే వాటితో జామకాయ, మొక్కజొన్న కంకి, చెరుకు లాంటివి కొరకకండి. కోసుకుని ముక్కలు దవడ పళ్ళ వైపు పెట్టుకుని తినండి. జంతికలు, చేగోడీలు, వేరుశనగ పట్టీ, ఎముకలు కొరకడం సెట్టుకు ఎప్పటికీ మంచిది కాదు. జామ గింజలు, నువ్వులు ప్లేటు కిందికి దూరితే ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. వెంటనే లేచి సెట్టు కడుక్కోవడమే దానికి మార్గం.

రెండు జాగ్రత్తలు ముఖ్యం. అంగిలిని ప్లేటు కప్పి ఉన్నవారికి వేడి సరిగా తెలియదు. కాఫీ, టీ, చారు గొంతులోకి వెళ్ళాక గానీ చుర్రుమనదు. కాబట్టి ముందు పెదవికి తాకించి చూసుకుని తాగండి. అలాగే చేప ముల్లు, చిన్న ఎముక ముక్క ప్లేటు కింద ఉన్న అంగిలికి తెలియవు. చేపల కూర తినేటప్పుడు ముళ్ళు వేళ్ళతో తీసుకోండి, తొందర పడకండి.

సెట్టు తీసేసి అన్నం తినేవారు కొందరున్నారు. "తినడానికి అడ్డం, మనుషుల్లోకి వెళ్ళేటప్పుడు పెట్టుకుంటాను" అంటారు. అలా చేస్తే నమలడం ఎప్పటికీ అలవాటు కాదు. నమలలేనివారు మెల్లగా కూరగాయలు, పండ్లు, మాంసం మానేసి చారన్నానికీ, టీలో ముంచిన బిస్కట్లకూ దిగుతారు. షుగరు ఉన్నవారికి అది ఇంకా చేటు.

శుభ్రం చేయడం

రోజుకు రెండుసార్లు, ఉదయం, రాత్రి, సెట్టును బ్రష్‌తో కడగాలి. తిన్న ప్రతిసారీ తీసి నీళ్ళతో తొలిచి, నోరు పుక్కిలించి మళ్ళీ పెట్టుకోవాలి. కడిగే పద్ధతి ఇది:

1. ముందుగా సింకులో సగం నీళ్ళు నింపండి, లేదా మడత పెట్టిన తువ్వాలు పరవండి. చేయి జారినా సెట్టు పగలదు. చాలా సెట్లు నోట్లో కాదు, సింకులో విరుగుతాయి.
2. సెట్టు కోసం వేరే మెత్తని బ్రష్ ఉంచుకోండి. మామూలు చేతి సబ్బు, చల్లని నీళ్ళు చాలు.
3. పిడికిట్లో గట్టిగా పట్టకండి. వేళ్ళ మధ్య పట్టుకుని లోపలి వైపు, చిగురుకు ఆనే వైపు, కొక్కేల లోపల నిదానంగా రుద్దండి. పాచి ఎక్కువగా చేరేది కొక్కెం లోపలే.
4. సబ్బు పోయేలా బాగా కడిగాకే నోట్లో పెట్టుకోండి.

చేయకూడనివి కూడా తెలుసుకోవాలి. టూత్‌పేస్టు, పళ్ళపొడి, బూడిద, ఇటుకపొడి, బొగ్గుపొడి, గిన్నెలు తోమే పీచు వాడకండి. వాటితో ఎక్రిలిక్ మీద గీతలు పడి, ఆ గీతల్లో క్రిములు నిలవ ఉంటాయి. మరిగే నీళ్ళు పోయకండి, ప్లేటు వంగిపోతుంది. వంగిన ప్లేటు మళ్ళీ తిన్నగా కాదు. బ్లీచింగు ద్రావణం లోహపు చట్రాన్ని, కొక్కేలను తినేస్తుంది. మందుల షాపుల్లో దొరికే సెట్టు శుభ్రపరచే బిళ్ళలు గ్లాసు నీళ్ళలో వేసి సెట్టును నానబెట్టడానికే గానీ, నోట్లో వేసుకునేవి కావు. వాటిని మామూలు మాత్రలతో కలిపి పెట్టకండి. ఇంట్లో చూపు మందగించిన పెద్దవాళ్ళు ఉంటే మరీ జాగ్రత్త. నానబెట్టిన తర్వాత కూడా బ్రష్‌తో రుద్ది కడగాలి. నానితే పాచి వదలదు.

రాత్రి సెట్టుకు సెలవు

రాత్రి పడుకునే ముందు సెట్టు తీసి, కడిగి, మూత ఉన్న డబ్బాలో మంచినీళ్ళు పోసి అందులో ఉంచండి. ఎక్రిలిక్ ఎండిపోతే ఆకారం కొంచెం మారుతుంది, పెళుసు బారుతుంది. డబ్బాలోని నీళ్ళు రోజూ మార్చాలి. కాగితంలోనో, చేతిరుమాల్లోనో చుట్టి దిండు కింద పెట్టకండి. ఉదయం ఊడ్చేవారి చేతిలో చెత్తలోకి పోయే సెట్లు చాలానే ఉన్నాయి. పళ్ళు తీసిన రోజే కొత్త సెట్టు పెట్టినవారి సంగతి మాత్రం వేరు. వారు మొదటి రోజు తీయకూడదు, డాక్టరుగారు చెప్పినట్టే చేయాలి.

రాత్రి ఎందుకు తీయాలి? పగలంతా ప్లేటు కింద ఉన్న చర్మానికి గాలి, ఉమ్మి సరిగా తగలవు. నిద్రలో ఉమ్మి ఊరడం ఇంకా తగ్గుతుంది. ఆ చీకటి తేమలో కాండిడా అనే బూజు పెరిగి, ప్లేటు ఉన్నంత మేరా అంగిలి ఎర్రగా మారుతుంది. తరచుగా నొప్పి ఉండదు కనుక చాలామందికి తెలియనే తెలియదు. షుగరు ఉన్నవారిలో, ఆస్తమాకు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చేవారిలో ఇది ఎక్కువ. ఇన్‌హేలర్ వాడిన ప్రతిసారీ నీళ్ళు పుక్కిలించి ఉమ్మివేయాలి.

సంగతి నోటితో ఆగదు. జపాన్‌లోని టోక్యోలో 85 ఏళ్ళు, ఆపై వయసున్న 524 మందిని మూడేళ్ళు గమనించి, 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. కట్టుడు పళ్ళు పెట్టుకునే నిద్రపోయేవారికి న్యుమోనియా వచ్చే ముప్పు, తీసి పడుకునేవారికంటే రెండు రెట్లు దాటి ఉన్నట్టు అందులో తేలింది. సెట్టు మీది పాచిలో ఉన్న క్రిములు నిద్రలో ఉమ్మితోపాటు ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. అందుకే మంచాన ఉన్న పెద్దవారి విషయంలో ఈ రాత్రి సెలవు తప్పనిసరి.

కొక్కెం పట్టుకున్న పన్ను

మా దగ్గరికి సెట్టు వదులైందని వచ్చేవారిలో కొందరిని పరీక్షిస్తే, సెట్టు బాగానే ఉంటుంది. దాన్ని పట్టుకున్న పన్ను పుచ్చి ఉంటుంది. కొక్కెం చుట్టూ ఆహారం నిలుస్తుంది కాబట్టి మిగతావాటికంటే ముందు ఆ పన్నే పుచ్చుతుంది. ఆ పన్ను పోతే సెట్టు పోయినట్టే. ఇంకో పన్నుకు కొక్కెం మార్చాలి, లేదా కొత్త సెట్టు కట్టాలి. ఇలా ఒక్కొక్కటి పోతూ పోతూ చివరికి నోరంతా కట్టుడు పళ్ళే అవుతాయి. పట్టుకోవడానికి సొంత పన్ను ఒక్కటీ లేని నోట్లో, ముఖ్యంగా కింది దవడలో, సెట్టు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో పెట్టుకున్నవారికే తెలుసు.

అందుకే సెట్టు తీసినప్పుడల్లా మిగిలిన పళ్ళను ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో, మెత్తని బ్రష్‌తో తోమండి. కొక్కెం ఆనే పన్ను చుట్టూ, ఖాళీ వైపు ఉన్న గోడను ప్రత్యేకంగా తోమాలి. వేపపుల్ల అలవాటున్నవారు దాన్ని మానకపోయినా, ఆ సందుల్లోకి పుల్ల చేరదు గనుక బ్రష్ కూడా వాడాలి. చిగుళ్ళను, అంగిలిని, నాలుకను మెత్తని తడి గుడ్డతో తుడవండి. బి.పి.కి, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందుల వల్ల నోరు ఎండిపోతుంది. అలాంటివారికి పళ్ళు తొందరగా పుచ్చుతాయి. మందులు మానకండి, కానీ ఆ సంగతి మాకు చెప్పండి.

ఆరు నెలలకోసారి చూపించుకోండి. పన్ను తీసిన తర్వాత ఆ చోట దవడ ఎముక తగ్గుతుంది, మొదటి ఏడాది మరీ ఎక్కువగా. చిగురుకూ ప్లేటుకూ మధ్య సందు ఏర్పడి సెట్టు ఊగుతుంది. దానికి లోపలి వైపు కొత్త పొర వేసి సరిచేయవచ్చు. ఊగే సెట్టును అలాగే వాడితే ఎముక ఇంకా అరుగుతుంది.

ప్రమాదం పొంచి ఉండే చోట్లు

ఒకటి రెండు పళ్ళున్న చిన్న సెట్టు, కొక్కెం వదులైతే, అన్నం ముద్దతోపాటు గొంతులోకి జారిపోగలదు. మామూలు ఎక్రిలిక్ ఎక్స్‌రేలో సరిగా కనిపించదు. తీగ ఉంటే ఆ తీగ మాత్రమే కనిపిస్తుంది. సెట్టు కనిపించకుండా పోయి, మింగడం కష్టంగా ఉన్నా, ఛాతీలో నొప్పి, దగ్గు, ఆయాసం ఉన్నా, అరటిపండు మింగితే పోతుందని ఎదురుచూడకండి. వెంటనే ఆసుపత్రికి వచ్చి, "సెట్టు మింగి ఉండవచ్చు" అని ఆ మాటే చెప్పండి. ఫిట్స్ వచ్చేవారు సెట్టు కొలత ఇవ్వకముందే ఆ సంగతి చెప్పాలి. వారికి చిన్న సెట్టు తగదు.

ఆపరేషన్‌కు వెళ్ళేటప్పుడు తీసి పెట్టుకునే సెట్టు ఉందని డాక్టరుకూ, మత్తు ఇచ్చేవారికీ చెప్పి, దాన్ని తీసి ఇంటివారికి అప్పగించండి. 2019లో బ్రిటన్ నుంచి వైద్య పత్రికలో ఒక కేసు వచ్చింది. 72 ఏళ్ళ వ్యక్తికి పొట్ట దగ్గర గడ్డ తీశారు. తర్వాత రక్తంతో దగ్గు, మింగలేకపోవడం మొదలయ్యాయి. తన పాక్షిక సెట్టు ఆసుపత్రిలో ఎక్కడో పోయిందనుకున్నాడాయన. చివరికి ఆపరేషన్ జరిగిన 8 రోజులకు అది ఆయన గొంతులోనే దొరికింది. అడగకపోయినా మనమే చెప్పడం మంచిది.

ఇంకొకటి. రెండు వారాలైనా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, గట్టిపడిన చోటు నోట్లో ఉంటే, సెట్టు ఒరుసుకుందిలే అని వదిలేయకండి. పొగాకు, గుట్కా, ఖైనీ, పొగ అలవాటున్నవారు మరీ అశ్రద్ధ చేయకూడదు. శ్రీకాకుళం, విశాఖ తీరప్రాంతాల్లో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు స్త్రీలలో ఉంది. అంగిలికి కేన్సర్ రావడానికి అది తెలిసిన కారణం. అంగిలిని ప్లేటు కప్పి ఉంటే మార్పు కంటికి కనిపించదు. అలాంటివారు సెట్టు తీసి, అద్దంలో అంగిలి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. అన్నిటికంటే మంచిది ఆ చుట్టను మానేయడం.

ఇంట్లోవారికి ఒక మాట

సెట్టు అలవాటు కావడంలో సగం ఇంటివారి చేతిలో ఉంది. మొదటి వారం మామ్మగారి మాట ఈల వేసినట్టు వస్తే పిల్లలు నవ్వుతారు. పిల్లలకు నెమ్మదిగా చెప్పండి. ఆ నవ్వుకు నొచ్చుకుని సెట్టు తీసి పక్కన పెట్టిన పెద్దలు చాలామంది ఉన్నారు. ఆ నెల వంటలో ఒక మెత్తని కూర ఉండేలా చూడండి. అందరూ తిని లేచాక కూడా వారు నింపాదిగా తినేంతవరకు పక్కన కూర్చోండి.

చేతులు వణికేవారికి, పక్షవాతం వచ్చినవారికి, మతిమరుపు ఉన్నవారికి సెట్టు తీసి కడిగి పెట్టే పని మీరే చేయాలి. అది పెద్ద పనేమీ కాదు, రెండు పూటలా అయిదేసి నిమిషాలు. ఆసుపత్రిలో చేర్చినప్పుడు సెట్టు డబ్బా మీద పేరు రాయండి. సెట్టు మీదే పేరు వేయించుకునే వీలు కూడా ఉంది. కట్టించేటప్పుడు అడగండి.

ఇక బీరువాలో సెట్టు దాచుకున్నవారికి. దాన్ని ఇప్పుడు బలవంతంగా నోట్లోకి నొక్కకండి. పక్క పళ్ళు కదిలి ఉంటే మీకే దెబ్బ. ఆ డబ్బాను అలాగే సంచిలో వేసుకుని దంత విభాగానికి తీసుకురండి. కొన్నిటికి చిన్న సర్దుబాటు చాలు, కొన్నిటికి కొత్త పొర కావాలి, కొన్నిటికి మళ్ళీ కొలత తీసుకోవాలి. "ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టుకోలేదు" అని మిమ్మల్ని ఎవరూ కోప్పడరు. మీ నోట్లో ఇంకా మిగిలి ఉన్న పళ్ళు ఎన్ని, వాటిని ఎలా నిలుపుకోవాలి అన్నదే మేము ముందుగా చూస్తాం.